రాయి కింద పడనివ్వని ఆట

గొడవ ఉప్పు జాడీ దగ్గర మొదలైంది.

"ఆ జాడీ అరమీద ఉండాలి కదా, ఇక్కడికెలా వచ్చింది?" అంది సుభద్ర, కంచం ముందు కూర్చుంటూ.

"నడిచి రాలేదు. నేనే తెచ్చాను," అన్నాడు లింగేశ్వరరావు. ఆయన కుడిచేత్తో పప్పన్నం కలుపుతున్నాడు. ఎడమచెయ్యిని మాత్రం, జాడీకి ఆనించి నిలబెట్టిన ఫోను ముందు పైకి విసిరి, గుప్పిట మూసి, మళ్లీ విసురుతున్నాడు. చేతిలో ఏమీ లేదు. ఫోను తెరమీద అయిదు రాళ్లు లేస్తున్నాయి, దిగుతున్నాయి.

"ఫోను ఆనించుకోడానికి మంచినీళ్ల చెంబు లేదా? జాడీ తడిసిందంటే ఉప్పంతా నీరు కారుతుంది."

"చెంబుకి ఆనిస్తే జారిపోతుంది. దీనికైతే చెవులున్నాయి."

"అవున్లెండి. ఈ బల్ల దగ్గర చెవులున్నది దానికొక్కదానికే."

కొడుకు సుధాకర్ పొలమారినట్టు దగ్గి మంచినీళ్లు తాగాడు. అతని భార్య ప్రసూన తల వంచుకుని నవ్వు దాచుకుంది. ఆట ఆవిడదే. అంటే, ఆ ఆటని తయారుచేసింది ఆవిడా, ఆవిడతో పనిచేసే ఇమ్మాన్యుయేలూ. కాకినాడలో భానుగుడి సెంటర్ దగ్గర ఒక ఫొటో స్టూడియో పైన రెండు గదులు అద్దెకి తీసుకుని, రెండేళ్లుగా ఆ పనిమీదే ఉన్నారు. ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఆట పెట్టి, అందరిచేతా ఆడించి, ఎక్కడ తడబడుతోందో చూసుకోవడం ఆ పనిలో భాగం.

ఆటకి ప్రాణం పోసింది మాత్రం అత్తగారి చెయ్యి.

సుభద్ర కళ్ల డాక్టరు. ఊళ్లోని ధర్మాసుపత్రిలో శుక్లాల ఆపరేషన్లు చేస్తుంది. ఉప్పాడ నుంచీ, పెదపూడి నుంచీ వచ్చే ముసలివాళ్లు డాక్టరు పేరు అడగరు, "ఆ చెయ్యి మంచిదావిడ ఉన్నారా?" అని అడుగుతారు. ఆ మంచితనం ఎక్కణ్ణించి వచ్చిందని కోడలు ఒకసారి అడిగితే, "చిన్నప్పుడు పిఠాపురంలో మా వీధరుగు మీద అచ్చనగాయలాడేదాన్ని. ఒకటి పైకెగరేసి, అది దిగేలోపల కింద నాలుగూ ఏరుకోవాలి. మిగతాదంతా మెడికల్ కాలేజీ వాళ్లు తరవాత చెప్పారు," అంది. ఆ మాటమీదే ప్రసూన ఆవిడ చేత అయిదు గులకరాళ్లు పట్టించి, కెమెరా ముందు కూర్చోబెట్టింది.

చేతులూపి ఆడే ఆటలు ఫోన్లలో అంతకుముందూ ఉన్నాయి. చెయ్యి కదిలాక కెమెరా చూస్తుంది, చూశాక తెరమీద బొమ్మ కదులుతుంది. మధ్యలో రెప్పపాటు ఆలస్యం. ఆ రెప్పపాటుకే జనం విసిగి ఆట మానేస్తారు. అత్తగారి చేతి వీడియోని బాగా నెమ్మదిగా తిప్పి చూస్తున్నప్పుడు ప్రసూనకి ఒక సంగతి కంటబడింది. వేళ్లు లేవకముందే మణికట్టు మీద చర్మం సన్నగా అలలా కదులుతోంది. రాయి ఎంత ఎత్తుకి వెళ్లబోతోందో, ఎటు ఒరగబోతోందో అంతా ఆ అలలోనే ఉంది. దాన్ని చదవడం ఫోనుకి నేర్పడానికి ఏడాది పట్టింది. ఇమ్మాన్యుయేల్ దానికి ముందుచూపు అని పేరు పెట్టాడు.

ముందుచూపు వచ్చాక రాయి చేతికోసం ఆగడం మానేసింది. మనిషి అనుకున్నది అనుకున్నట్టు జరిగిపోతోంది. చెయ్యి కాస్త వెనకబడితే ఆ ఖాళీని అదే పూడుస్తుంది. ఆ పూడ్చడాన్ని వాళ్లిద్దరూ సర్దుబాటు అనుకునేవారు. ఎన్నడూ గులకరాయి పట్టనివాడు కూడా రెండోరోజుకల్లా నాలుగూ ఏరేసి, ఏనుగెక్కినంత సంబరపడేవాడు.

ఒక్క చోట మాత్రం చిక్కొచ్చింది. ఆడుతున్నది కుడిచెయ్యో ఎడమచెయ్యో ఆటకి తెలియాలి. ముందువైపు కెమెరా అద్దంలాంటిది. కొన్ని ఫోన్లు బొమ్మని తిప్పి చూపిస్తాయి, కొన్ని తిప్పవు. బొటనవేలు ఎటుందో చూసి నమ్మడానికి లేదు. ప్రసూన దగ్గరదారి తొక్కింది. ఇంట్లోనూ, ఆఫీసులోనూ అందరూ భోజనాల దగ్గరే ఆడుతున్నారు. కుడిచెయ్యి ఎంగిలి కనక ఎడమచేత్తో ఆడుతున్నారు. ఎడమచెయ్యి ఎప్పుడూ అనుకున్నదానికంటే ఓ పిసరు ఆలస్యంగా వస్తుంది. కాబట్టి, వెనకబడేది ఎడమచెయ్యి అని ముందుచూపుకి నేర్పేసింది. ఎడమ అని తేలితే సర్దుబాటు ఎక్కువ. పుర్రచేతివాళ్ల విషయంలో పేర్లు తారుమారైనా ఆట మాత్రం సజావుగానే నడిచింది. ఎవరూ ఏమీ అనలేదు.

"భోంచేసేటప్పుడైనా ఆ ఫోను పక్కన పెట్టండి," అంటోంది సుభద్ర. "ముందే కుడికన్ను సరిగ్గా ఆనడం లేదు. మజ్జిగనుకుని గంజి పోసుకుంటారు ఒకరోజు."

"సోమవారం నువ్వు ఆ పొర తీసేస్తావుగా. అప్పటిదాకా గంజయినా తాగుతాను."

లింగేశ్వరరావు కుడికంట్లో శుక్లం ముదిరి ఏడాదయింది. ఇంట్లోవాళ్లకి ఇంట్లోవాళ్లు కత్తి పెట్టకూడదని ఆసుపత్రిలో అందరూ చెప్పారు. ఆయన వినలేదు. "ఊరందరికీ నీ చెయ్యి, నాకు మాత్రం పరాయి చెయ్యా?" అని మొండికేసి కూర్చున్నాడు. చివరికి సుభద్రే మెత్తబడింది.

మర్నాడు ఆఫీసులో ఇమ్మాన్యుయేల్ తెరవైపు చూస్తూ, "మీ ఇంట్లో అందరూ తిండి దగ్గర తప్ప ఆడరా ఏంటి?" అన్నాడు.

"మావయ్య సంగతి తెలిసిందేగా."

"ఆయన సరే. మీ అత్తగారు కూడానా? ఆరునెలల కిందట ఎక్కడో ఒకసారి ఎడమ అని పడేది. ఇప్పుడు రోజూ ఎడమే."

ప్రసూన నవ్వింది. తినేటప్పుడు ఫోను ముట్టుకున్నందుకు మొగుణ్ణి రోజూ సాధించే మనిషి, చాటుగా తనూ అదే పని చేస్తోందన్నమాట. సాయంత్రం ఇంటికెళ్లగానే అత్తగారిని పట్టుకుంది. ఆవిడ బాల్కనీలో కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ఆడుకుంటోంది.

"దొరికిపోయారు అత్తయ్యా. ఆసుపత్రిలో కేరియర్ ముందు పెట్టుకుని ఎడమచేత్తో ఆడుతున్నారట."

"నేనా? ఎంగిలి చేత్తో నేను ఫోను దగ్గరకెళ్తానా? నన్ను మీ మావయ్య అనుకున్నావేవిటి?"

"ఆవిడ ఎడమచేత్తో తలుపు గడియ కూడా తియ్యదమ్మా," అన్నాడు లింగేశ్వరరావు లోపల్నించి. "నీ మిషనే తప్పు చెప్తోంది."

ప్రసూన ఆవిడ చెయ్యి చూసింది. కుడిచెయ్యే. తెరమీద రాళ్లు చక్కగా లేచి చక్కగా దిగుతున్నాయి. ఒక్కటీ పడలేదు. అయితే కెమెరా బొమ్మని తిప్పేస్తోంది కాబోలు అనుకుంటూనే, కుడీఎడమల విషయంలో కెమెరా మాట తను ఎన్నడో వినడం మానేసిందని గుర్తొచ్చి, ఏదో నలకలా లోపల గుచ్చుకుంది.

మరునాడు ఇమ్మాన్యుయేల్‌ని కూడా కూర్చోబెట్టుకుని రికార్డులు తీసింది. పరీక్షకోసం ఇంటి ఫోన్లన్నీ మణికట్టు బొమ్మల్ని దాచి ఉంచుతాయి. ఆట పెట్టుకున్న రోజున అందరూ సరే అని నొక్కినవాళ్లే. చదివి నొక్కారా అంటే, ఎవరు చదువుతారు. రెండేళ్లనాటి చెయ్యి ఒక పక్కా, నిన్నటి చెయ్యి ఒక పక్కా పెట్టింది. బొటనవేలి కింద అదే పుట్టుమచ్చ. పాత చేతిలో చర్మం మీద అల లేచిన మరుక్షణం వేళ్లు లేచాయి. అల, వేలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టు వచ్చాయి. కొత్త చేతిలో అల అంతే చురుగ్గా లేచింది. వేళ్లు మాత్రం, పిలిస్తే వినపడనట్టు, ఒక్క లిప్త ఆగి కదిలాయి. తెరిచిన గుప్పిట కూడా మునుపటంత తెరుచుకోవడం లేదు. వణుకు లేదు. కళ్లతో చూస్తే ఎవరికీ ఏమీ తెలియదు. నెలనెలకీ సర్దుబాటు పెంచుకుంటూ ముందుచూపు ఆ ఖాళీని పూడుస్తూ వచ్చింది. ఏ చెయ్యి చూసి ఆట నేర్చుకుందో, ఆ చెయ్యినే ఎడమచెయ్యి అనేసింది.

ఇమ్మాన్యుయేల్ రెండు బొమ్మల్నీ మళ్లీ మొదటినుంచి తిప్పి చూశాడు. "ఇది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు," అన్నాడు చివరికి.

"కాదు."

"మనం డాక్టర్లం కాదు ప్రసూనా. ఏదో ఊహించుకుని పెద్దావిడని బెదరగొడతామేమో."

"సోమవారం ఆవిడ మావయ్యగారి కంట్లో కత్తి పెడతారు. రేపు ఇంకెవరి కంట్లోనో పెడతారు."

అతను తెర ఆపేశాడు.

చెప్పడం అనుకున్నంత తేలిక కాలేదు. సుభద్ర ఆరిన బట్టలు మడత పెడుతుంటే వెళ్లి పక్కన నిలబడి, తనూ ఒక తువ్వాలు అందుకుని మడతపెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడతపెట్టింది.

"ఆ తువ్వాలు నీకేం అపకారం చేసింది?" అంది సుభద్ర.

అప్పుడు చెప్పింది. ఎడమా కుడీ సంగతీ, అల సంగతీ, వేళ్ల సంగతీ. న్యూరాలజిస్టుకి ఒకసారి చూపిస్తే మంచిదేమో అంది. సుభద్ర చేతిలో చీర అలాగే పట్టుకుని అంతా వింది.

"ఆట అని చెప్పి నా చెయ్యి కొలుస్తున్నావా ఇన్నాళ్లూ?"

"కొలవాలని కాదు అత్తయ్యా. అది దానంతటదే..."

"నా ఇంట్లో, నా బాల్కనీలో కూర్చుని కాఫీ తాగుతుంటే. నిన్నెవరడిగారు?" గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది ప్రసూనకి. "నిన్న ఏడు కళ్లు చేశాను. ఏడుగురూ ఇవాళ కట్టు విప్పుకుని నా మొహం చూసి నవ్వారు. నీ ఫోనుకి అది తెలుసా?"

మడతపెట్టిన బట్టలన్నీ ఎత్తుకుని గదిలోకి వెళ్లిపోయింది.

ఆ తరవాత ఇంట్లో మాటలు తగ్గాయి. సుభద్ర బాల్కనీలో కాఫీ తాగుతూనే ఉంది గానీ ఫోను లోపలే వదిలేసేది. కోడలు పలకరిస్తే అడిగినంతవరకే జవాబు. పోర్టులో డ్యూటీ దిగి వచ్చిన సుధాకర్‌కి సంగతి చెప్తే, "అమ్మకి చెప్పేముందు నాతో ఒక్క మాట అనొచ్చు కదా," అన్నాడు. కాసేపాగి, "నాతో అంటే మాత్రం నేనేం చేసేవాణ్ణిలే," అని కూడా అన్నాడు. లింగేశ్వరరావుకి ఏమీ తెలియదు. ఆయన సోమవారం కోసం కొత్త నల్లకళ్లజోడు కొనుక్కుని, అద్దం ముందు పెట్టుకుని చూసుకుంటున్నాడు.

ఆ నల్లకళ్లజోడు కనపడినప్పుడల్లా ప్రసూన మొహం పక్కకి తిప్పుకునేది. తను చేసిన ఆట ఎవరికీ కీడు చెయ్యలేదు. అందరినీ సంతోషపెట్టింది. రాయి పడాల్సిన ప్రతిసారీ పడకుండా ఆపింది. అంత ముద్దుగా, అంత నెమ్మదిగా ఆపింది కాబట్టే, చేతులతో బతికే మనిషికి తన చెయ్యి జారుతోందని తెలియలేదు. ఒట్టి గులకరాళ్లతో ఆడుకుని ఉంటే, రాళ్లే చెప్పేవి.

శుక్రవారం మధ్యాహ్నం ఫొటో స్టూడియో మెట్లు ఎక్కుతూ సుభద్ర ఆఫీసుకి వచ్చింది. ఓపీ ముగించుకుని తిన్నగా వచ్చినట్టుంది, చెవుల మీద మాస్కు తాళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి. ఇమ్మాన్యుయేల్ కుర్చీ తుడిచి వేశాడు.

"నమస్కారం బాబూ. ప్రసూనా, ఆ సర్దుబాటో ఏదో అన్నావే, అది తీసేసి ఒకసారి ఆడించు నన్ను."

"అత్తయ్యా, ఇప్పుడే ఎందుకు..."

"తియ్యి."

తీసేసింది. సుభద్ర మణికట్టు మీద గాజు వెనక్కి నెట్టుకుని, ఆపరేషన్ బల్ల ముందు కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంది. మొదటి రాయి ఎగరేసింది. కింది రాయి అందుకుంది, పైది పట్టుకుంది. రెండు ఏరేటప్పుడు పైది వేళ్లని రాసుకుంటూ పోయింది. మూడు ఏరేటప్పుడు పడిపోయింది. మళ్లీ ఎగరేసింది. పడింది. మళ్లీ. తెరమీద రాయి పడిన చప్పుడు కోసం అప్పుడెప్పుడో ఆ పిఠాపురం వీధరుగు మీదే నిజం రాయి పడేసి రికార్డు చేసుకొచ్చారు. ఆ గదిలో ఆ చప్పుడు ఒక్కటే వినపడింది కాసేపు.

ఆవిడే ఆపింది. "పాతది చూపించు."

రెండేళ్లనాటి తన చెయ్యిని చూసింది. ఎవరో తెలిసిన మనిషిని చాన్నాళ్ల తరవాత చూస్తున్నట్టు కాస్త ముందుకి వంగి చూసింది.

"ప్రిస్క్రిప్షన్ రాస్తుంటే చివరికొచ్చేసరికి అక్షరాలు చిన్నవైపోతున్నాయి," అంది. "కళ్లజోడు మార్చాలి కాబోలు అనుకుని రెండుసార్లు మార్చాను. కళ్ల డాక్టర్ని కదా, ఏదొచ్చినా కళ్లమీదకే తోసేస్తాను. అది నరాల జబ్బుకి గుర్తని ఇంకే డాక్టరైనా మొదటిరోజే పట్టుకునేవాడు. థియేటర్లో సిస్టరు కూడా ఈమధ్య గడియారం వైపు చూస్తోంది. నా వయసు చూసి జాలిపడుతోందనుకున్నాను."

ప్రసూన తన కుర్చీ ఆవిడ పక్కకి జరుపుకుంది.

"నీ ముందుచూపుని నా చేతికి కట్టలేవా?" అంది సుభద్ర అకస్మాత్తుగా. తెరవైపు చూస్తూనే అడిగింది. "నేను అనుకున్నది సరిగ్గానే ఉందన్నావు కదా. అల బాగానే లేస్తోందన్నావు. వేళ్లే కదా ఆలస్యం. పరికరానికి కడితే, నేను అనుకున్నట్టు అది..."

ఇమ్మాన్యుయేల్ కళ్లు ఒక్కసారి వెలిగాయి. ప్రసూన చూసింది ఆ వెలుగు. తనకీ అదే ఆలోచన అంతకుముందే వచ్చిపోయింది. అవునని ఒక్క మాట అంటే చాలు, ఈ గదిలో ముగ్గురికీ ప్రాణం లేచొస్తుంది.

"అది అప్పుడప్పుడు తప్పు ఊహిస్తుంది అత్తయ్యా," అంది. "ఆటలో ఎవరికీ తెలియదు. రాయి కాస్త పక్కగా దిగుతుంది, అంతే."

సుభద్ర తన కుడిచేతి వేళ్లు ముడిచి, మళ్లీ తెరిచింది.

"కంట్లో తెలుస్తుంది," అంది.

లేచి నిలబడి సంచీ భుజానికి తగిలించుకుంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "ఈ ఆట ఊళ్లో అందరూ ఆడతారా?"

"ఆడాలనే కదండీ," అన్నాడు ఇమ్మాన్యుయేల్.

"మీకు జబ్బుందని ఆట చేత చెప్పించకండి బాబూ. ఆ మాట మనిషి చెప్పాలి, పక్కన కూర్చుని చెప్పాలి. అలాగని దాచిపెట్టకండి కూడా. రాయి పడేదైతే పడనివ్వండి. ఎవరి చెయ్యి వాళ్లకి తెలుస్తుంది."

ఆవిడ మెట్లు దిగిన చప్పుడు ఆగాక ఇమ్మాన్యుయేల్ నుదురు రుద్దుకున్నాడు. "సర్దుబాటు లేకపోతే ఇది ఎవడు ఆడతాడు? మొదటిరోజే రాళ్లన్నీ పడిపోతే రెండోరోజు ఫోనులోంచి తీసి పారేస్తారు."

"కొందరు నేర్చుకుంటారు."

"కొందరితో ఆఫీసు నడుస్తుందా మేడమ్?"

ఆ మేడమ్‌లో వెటకారం ఉంది, భయమూ ఉంది. అయినా ప్రసూన సాయంత్రం ఇంటికి బయల్దేరేలోపల అందరి ఫోన్లలోనూ సర్దుబాటు ఆపేసింది. ఇమ్మాన్యుయేల్ చూశాడు, అడ్డుపడలేదు.

శనివారం మధ్యాహ్నం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. లింగేశ్వరరావు దోసకాయ పప్పు వండాడు. ఎదురుగా ఫోను, ఎడమచెయ్యి గాలిలో.

"ప్రసూనా, నీ ఆట చెడిందమ్మా. నిన్నటినుంచీ ఒక్క రాయీ చేతికి రావడం లేదు."

"చెడలేదు మావయ్యా. బాగుచేశాను."

"ఇదేం బాగు? మొన్నటిదాకా మొనగాణ్ణి, ఇవాళ చవటనైపోయాను."

"మీరెప్పుడూ అంతే. మొన్నటిదాకా ఎవరూ చెప్పలేదు," అంది సుభద్ర. ఆ మాటకి అలవాటు ప్రకారం సుధాకర్ నవ్వబోయి, తల్లి మొహం చూసి ఆగిపోయాడు. ఆవిడ అన్నం కలపడం ఆపి, చెయ్యి కంచంలోనే ఉంచి కూర్చుంది.

"ఏవండీ, సోమవారం మీ ఆపరేషన్ ఫరీదా చేస్తుంది."

"ఫరీదా ఎవరు? నీ దగ్గర నేర్చుకుంటోందే, ఆ అమ్మాయా? ఏం, నీకేం పనొచ్చింది?"

"నాకేం పని లేదు. నా చెయ్యి ఆలస్యమవుతోంది."

లింగేశ్వరరావు ఫోను బోర్లా పెట్టాడు. "ఆలస్యమంటే?"

"నేను చెప్పినప్పుడు కదలడం లేదు. కాస్త ఆగి కదులుతోంది. నిన్న సాయంత్రం న్యూరాలజిస్టుకి చూపించుకున్నాను. పరీక్షలు ఇంకా ఉన్నాయి, మందులున్నాయి, భయపడాల్సిందేం లేదు. కానీ కన్ను కొయ్యడానికి ఆ చెయ్యి పనికిరాదు."

"నాకెప్పుడూ కనపడలేదే."

"మీకు కనపడదు. అందుకే కదా ఆపరేషన్."

ఆయన భార్య చేతివైపు చూశాడు. మంచి కన్ను అటు వచ్చేలా తల కాస్త తిప్పి చూశాడు.

"అయితే నాకొద్దు," అన్నాడు. "ఈ కంటితోనే గడిపేస్తాను. నీకు తగ్గాక చూద్దాం."

"తగ్గదండీ. నెమ్మదిస్తుందంతే." సుభద్ర గొంతు మామూలుగానే ఉంది, పేషెంట్ల బంధువులతో మాట్లాడేటప్పుడు ఉన్నట్టు. "మీ ఒక్కరిదే కాదు, ఇకమీదట ఎవరి కన్నూ నేను చెయ్యను. నిన్న సూపరింటెండెంటుకి చెప్పేశాను. ఓపీ చూస్తాను, పిల్లలకి నేర్పుతాను. సోమవారం లిస్టులో ఉన్నవాళ్లందరికీ నేనే ఫోను చేసి చెప్పాను, డాక్టరు మారుతోందని. ఒక్కరు మానేస్తానన్నారు. మీరు రెండోవాళ్లు."

సుధాకర్ తల్లి భుజం మీద ఎడమచెయ్యి వేశాడు. ప్రసూన కంచంలోకి చూస్తూ ఉండిపోయింది. అత్తగారు కుడిచెయ్యి కడుక్కొచ్చి, ఆ చెయ్యితోనే గిన్నె జరిపి, కోడలి కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. పప్పు వెయ్యడానికి కాస్త సమయం పట్టింది. గరిటె పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ప్రసూన కదల్లేదు.

"నువ్వు తిను ముందు. మొన్నటినుంచీ సరిగ్గా తినడం లేదు," అంది సుభద్ర.

లింగేశ్వరరావు మజ్జిగ పోసుకున్నాడు. కలుపుకున్నాడు. తినకుండా చాలాసేపు కలుపుతూనే ఉన్నాడు.

"ఆ అమ్మాయి చేసేటప్పుడు నువ్వుంటావా?"

"పక్కనే నిలబడతాను."

"ఎన్నింటికి రమ్మంటారు?"

"ఏడింటికి. రేపే తలంటుకోండి. తరవాత కొన్నాళ్లు తలమీద నీళ్లు పోసుకోనివ్వరు."

"ఎవరు, నువ్వా?"

"నేను కాదు," అంది సుభద్ర. "మీ డాక్టరు."